తుంటి ఎముక లెక్క

సోనున్ బడికి గొర్రె ఎముకలు మోసుకొచ్చిన రోజున హెడ్మాస్టర్ ఒరోజాలీకి నోట మాట రాలేదు. ఆ మనిషి నోరు మూతపడటమంటే మాటలా! పొయ్యిలోకి బొగ్గు అయిపోయినా మాట్లాడతాడు, బొగ్గు వచ్చినా మాట్లాడతాడు. అలాంటివాడు గుమ్మంలో నిలబడి ఆమె చేతిలోని గోనెసంచి వంకా, అందులోంచి పొడుచుకొచ్చిన ఎముక వంకా మార్చి మార్చి చూశాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు చివరికి.

"లెక్కల పాఠం, బైకె," అంది సోనున్, పెద్దన్నని పిలిచినట్టు మర్యాదగా.

"ఇది లెక్కల పాఠమైతే మా ఇంటి కుక్క ప్రొఫెసరు."

సోనున్ నవ్వింది గానీ సంచి మాత్రం కింద పెట్టలేదు. అవి నున్నగా తోమిన ఎముకలు. ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా, ఏ చావు విందు జరిగినా, నాలుగు ఇళ్ళు తిరిగి అడుక్కొచ్చి, ఉడకబెట్టి, బూడిదతో రుద్ది, ఇంటి కప్పు మీద ఎండబెట్టింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు "పాపం, చదువు ఎక్కువై మతి పోయింది" అనుకున్నారు. అనుకోనీ. వాళ్ళు ఆ ఏడో తరగతి ముందు ఒక్క రోజు నిలబడి ఉంటే వాళ్ళూ ఏ ఎముకలో ఏరుకుని ఉండేవాళ్ళు.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆ పిల్లలు రాక్షసులేం కాదు. నిద్రమొహాలు, అంతే. సోనున్ బోర్డు మీద సగాలూ మూడోవంతులూ రాసి గొంతు చించుకుంటుంటే, సగం మంది పొయ్యి దగ్గర చోటు కోసం మోచేతులతో కుమ్ముకునేవాళ్ళు. మిగతావాళ్ళు కిటికీలోంచి ఎవరి మంద కొండ దిగుతోందో చూసేవాళ్ళు. ఎర్మెక్ అనేవాడైతే కాగితం నమిలి ఉండలు చేసి పైకప్పుకి ఊసేవాడు. పైకప్పంతా వాడి చేతిపనే, కాదు, నోటిపనే. తలుపు పక్కన కుందుజ్ అనే పిల్ల కూర్చునేది. ఆ పిల్ల అల్లరి చెయ్యదు, మాట్లాడదు, ఉందో లేదో తెలియదు. సాయంత్రం ఇంటికి చేరేసరికి సోనున్ ప్రాణం ఉసూరుమనేది.

ఆ రోజుల్లోనే వాళ్ళ ఊరు అక్-జార్‌లో ఒక పెళ్ళివిందు జరిగింది. మాంసం ఉడికింది, ఎముకల వడ్డన మొదలైంది. ఆ వడ్డనలో పొరపాటు జరిగితే పదేళ్ళ పాటు మాట పడాల్సిందే. అందరిలోకీ పెద్దాయనకి తుంటి ఎముక, ఆ తర్వాతివాళ్ళకి తొడ, ఆపైన జబ్బ, పక్కటెముకలు, అలా వయసును బట్టీ వరసను బట్టీ దిగుతూ రావాలి. పెళ్ళికొడుకు మేనమామ చకచకా పెట్టుకుంటూ పోతున్నాడు. ఉన్నట్టుండి ఎర్మెక్ గాడు లేచాడు.

"మామా, ఆగు ఆగు. ఆ జబ్బ మా నాన్నకి కాదు. మా నాన్న ఈ పక్కాయనకంటే రెండేళ్ళు పెద్ద. పైగా ఈయన పెళ్ళికూతురు తరఫు, కానీ మనింటి పిల్లని ఈయనకి ఇచ్చారు కాబట్టి అల్లుడి వరస. తొడ ఇటివ్వు, ఆ పక్కటెముక అటు జరుపు, అప్పుడు మూడో ఆయనకి జబ్బ మిగుల్తుంది."

మేనమామ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, నాలిక్కరుచుకుని, ఎముకలు మార్చాడు. సగానికి మూడోవంతు కలపమంటే ఆవలించే వెధవ, గదినిండా ఉన్న చుట్టాలను వయసూ వరసా కలిపి మనసులోనే సర్దేశాడు! సోనున్ చేతిలో టీ చల్లారిపోయింది. ఆ పక్కనే కుందుజ్ తన తాతకి ఆనుకుని కూర్చుని, చిన్న చాకుతో ఆయన వంతు మాంసాన్ని సన్నగా తరిగి ముందు పెడుతోంది. తాతకి పళ్ళు లేవు. సోనున్ అదీ చూసింది, కానీ ఆ రోజు ఆమె బుర్ర నిండా ఎర్మెకే ఉన్నాడు.

అలా పుట్టింది ఎముకల పాఠం. బల్లలు గోడకి జరిపి, కింద కంబళి పరిచి, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టేది. ఒక్కో ఎముకకి ఉన్ని దారంతో ఒక లెక్క రాసిన కాగితం కట్టేది. అన్నిటికంటే కఠినమైనది తుంటి ఎముకకి. చిన్నవాళ్ళలో ఒకరు కూజాతో వచ్చి అందరి చేతుల మీదా గోరువెచ్చటి నీళ్ళు పొయ్యాలి. తుంటి ఎముక పెద్దవాడికి. వాడు తన లెక్క మొదలుపెట్టేదాకా ఇంకెవ్వరూ తమ లెక్క ముట్టుకోకూడదు. విందులో మిగిలింది సంచిలో కట్టుకుని ఇంటికి పట్టుకుపోవడం ఎలాగూ ఉన్నదే కాబట్టి, తేలని లెక్కలు ఎముకలతో సహా ఇళ్ళకి పోయేవి. తేల్చినవాడికి రాయిలా ఎండిన పెరుగు ఉండ, ఒక కురుత్ బహుమానం.

ఇంకేముంది, తరగతి మేలుకుంది. "నాకు మొన్న కూడా పక్కటెముకే వచ్చింది, నేనేం పసివాణ్ణా?" అని ఒక కుర్రాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇళ్ళలో తండ్రులు పొద్దుపోయేదాకా ఎముక చేతపట్టుకుని భార్యల మీద విసుక్కున్నారు. ఒక అత్తగారు లెక్క కట్టిన జబ్బ ఎముకని కుక్కకి పడేసి, మర్నాడు బడికొచ్చి తగువు పెట్టుకుంది.

ఒక్క కుందుజ్ దగ్గరే ఏ మార్పూ లేదు. ఆ పిల్ల పట్టుకెళ్ళిన ఎముక మర్నాడు అలాగే తిరిగొచ్చేది, దారం ముడి కూడా విప్పకుండా.

"ఎందుకే చెయ్యలేదు?" అంటే, "తెలీదు ఎజెకె" అనేది. టీచరమ్మతో ఆ పిల్ల ఆడిన మాటలు అవే.

సోనున్ ఒకటి రెండుసార్లు కోప్పడింది, తర్వాత వదిలేసింది. ప్రతి తరగతిలోనూ అలాంటిది ఒకటుంటుందిలే అనుకుంది.

ఇంతలో ఊరి పెద్దల నుంచి జిల్లాకి ఫిర్యాదు వెళ్ళింది, బడిలో ఎముకలాటలు ఆడిస్తున్నారని. హెడ్మాస్టర్ ఆమెని గదిలోకి పిలిచాడు.

"చూడమ్మా, నాకేం పగ లేదు నీ మీద. జిల్లా నుంచి పాఠం చూడ్డానికి మనిషిని పంపుతున్నారు. ఆయన తల ఊపితే ఏడో తరగతి నీదే. ఊపకపోతే," అని జేబులోంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు, "లైబ్రరీ చూసుకుందువుగాని. పుస్తకాలు కాగితపుండలు ఊయవు, హాయిగా ఉంటావు."

"ఎవరొస్తున్నారు బైకె?"

"జాకిప్ అగాయ్."

ఆ జాకిప్ మేష్టారి దగ్గరే చిన్నప్పుడు సోనున్ లెక్కలు చదువుకుంది. చదువుకుంది అనడం కంటే దెబ్బలు తింది అనడం న్యాయం. ఆయన బోర్డు మీద లెక్క రాసి, ఒకరిని లేపి, ఇరవై లెక్కపెట్టేలోగా జవాబు చెప్పమనేవాడు. చెప్పకపోతే "చేయి చాపు" అనేవాడు. స్కేలు అంచుతో కొట్టేవాడు. ఒకరోజు గొర్రెల మంద లెక్క ఒకటి ఇచ్చి, ఆమె నోరు పెగలకపోయేసరికి, "లెక్కలు నీ తలకెక్కవు గానీ, పోయి పాలు పితుక్కో" అన్నాడు అందరి ముందూ. ఆ మాట మీదే ఆమె లెక్కలు చదివింది. చచ్చీ చెడీ టీచరైంది. ఇప్పుడు ఆయనే వచ్చి ఆమె తరగతి ఉంచాలో తియ్యాలో చెప్తాడట!

ఒళ్ళు మండిపోయింది సోనున్‌కి. ఆ రాత్రి ఒక పని చేసింది. ఆ గొర్రెల మంద లెక్కనే, మాట పొల్లు పోకుండా గుర్తున్న ఆ లెక్కనే, కాగితం మీద రాసి తుంటి ఎముకకి కట్టింది. తరగతిలో పెద్దవాడు ఎర్మెక్. వాడు ఆయన కళ్ళముందే టకటకా తేల్చెయ్యాలి. తను చెప్పిన పిల్లవాడు, ఒక్క దెబ్బ తినకుండా! ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలని ఆమెకి ఎంత ఆశగా ఉందో చెప్పలేం.

ఆయన వచ్చేశాడు. తెల్లటి పొడుగు కల్పాక్ టోపీ అదే, నడక మాత్రం అది కాదు. వ్యాన్ దిగి, గేటు దగ్గర ఆగి, "నీ పేరేంటమ్మా?" అన్నాడు.

"సోనున్, అగాయ్."

"మంచిది, మంచిది."

వసారా దాటి తరగతి గుమ్మంలోకి వచ్చాక మళ్ళీ, "నీ పేరేమన్నావూ?" అన్నాడు. కావాలనే అంటున్నాడు, చులకన చేస్తున్నాడు అనుకుంది సోనున్. పళ్ళు బిగపట్టి మళ్ళీ చెప్పింది.

హెడ్మాస్టర్ ఆయన్ని వెనక కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడ్డాడు. పిల్లలు కంబళి మీద చుట్టూ కూర్చున్నారు. ఆ రోజు నీళ్ళు పొయ్యడం కుందుజ్ వంతు. కూజా పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయింది. వడ్డన మాత్రం ఎర్మెక్‌దే. ఈ మధ్య ఆ పెత్తనం వాడు ఎవరికీ ఇవ్వడం లేదు. వాడు తుంటి ఎముక రెండు చేతులతో పైకెత్తి, చుట్టూ చూశాడు. చూసినవాడు ఆగిపోయాడు. పిల్లలంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత అందరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు.

గదిలో పెద్దవాడు ఎర్మెక్ కాదుగా!

"అగాయ్," అన్నాడు ఎర్మెక్ లేచి నిలబడి, "మీరు అక్కడ కూర్చుంటే ఎలా? పైకి రండి. మీ వంతు ఇది."

ఇదొక్కటీ సోనున్‌కి తట్టలేదు! పెద్దవాళ్ళు గదిలో ఉండగా తుంటి ఎముక పిల్లల చేతికి రాదని ఆ ఊళ్ళో పాలు తాగే పసిగుడ్డుకి కూడా తెలుసు. నెలల తరబడి వాళ్ళకి నూరిపోసింది తనే. హెడ్మాస్టర్ మాత్రం పొంగిపోయాడు. "చూశారా అగాయ్, మా పిల్లల మర్యాద!" అంటూ ముసలాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గౌరవస్థానంలో కూర్చోబెట్టాడు. కుందుజ్ ఆయన చేతుల మీద నీళ్ళు పోసింది. జాకిప్ అగాయ్ నవ్వుతూ ఎముక అందుకున్నాడు. ఆయన అలా నవ్వగలడని సోనున్‌కి ఇన్నేళ్ళూ తెలియదు. మిగతా ఎముకలు ఎర్మెక్ వరసగా పంచేశాడు.

కాగితం విప్పి పైకే చదివాడు. "ఒక మందలో సగం గొర్రెలు ఎగువ పచ్చికకి పోయాయి. మూడోవంతు దిగువకి పోయాయి. మిగిలిన పన్నెండు దొడ్లో ఉన్నాయి. మందలో మొత్తం ఎన్ని?"

"సగం ఎగువకి," అన్నాడు. ఆగాడు. "సగం..." మళ్ళీ కాగితం చూశాడు. "దిగువకి మూడో... ఎగువకి ఎంతన్నాం?"

ఎవరూ తమ ఎముక ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు మరి, పెద్దాయన మొదలుపెట్టలేదు. పొయ్యిలో బొగ్గు చిటపటమంది.

నిజం చెప్పాలంటే సోనున్‌కి మొదట కలిగింది సంతోషమే. పాడు సంతోషం. చెప్పు అగాయ్, ఇరవై లెక్కపెట్టేలోగా చెప్పు, అనుకుంది లోపల. అప్పుడు ఆయన బొటనవేలు కనబడింది. కాగితం అంచు మీద అది వణుకుతోంది. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు అక్షరాల మీదే ఉన్నాయి గానీ చదవడం లేదు. రెండుసార్లు పేరడిగింది చులకన చెయ్యడానికి కాదని అప్పుడు అర్థమైంది ఆమెకి. ఈ లెక్క కట్టి పెట్టింది తనేనన్నది తలుచుకుంటే ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

హెడ్మాస్టర్ ఆమె చెవి దగ్గరికి వచ్చి, "ఆ ఎముక తీసేసుకోమ్మా, వేరేది ఇవ్వు," అన్నాడు.

"పెద్దాయన చేతిలోంచి ఎముక లాక్కోమంటారా బైకె? మీరు లాక్కోండి చూద్దాం."

హెడ్మాస్టర్ నుదురు తుడుచుకున్నాడు. అలా పిల్లలందరి ముందూ ముసలాయన తల దించుకుని కూర్చున్నాడు.

తలుపు పక్కన కుందుజ్ కూజా కింద పెట్టింది. తడిచేతులు గౌనుకి తుడుచుకుని, కంబళి మీద అందరినీ దాటుకుంటూ వచ్చి, ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"తాతా, గట్టిగా ఉందా?"

జాకిప్ అగాయ్ తలెత్తి చూశాడు. ఆ పిల్ల మొహంలో ఎగతాళి లేదు. రోజూ ఇంట్లో అడిగే మాటే అడిగింది.

"గట్టిగానే ఉందమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"తరిగి పెట్టనా?"

"లెక్కని తరుగుతుందట!" అని ఎర్మెక్ కిసుక్కున నవ్వబోయాడు. పక్కపిల్ల గిచ్చేసరికి "అబ్బా" అని ఊరుకున్నాడు.

ఆయన ఎముక ఆ పిల్ల చేతికిచ్చాడు. కుందుజ్ దానికి కట్టిన నల్ల ఉన్ని దారం విప్పి, కంబళి మీద తిన్నగా పరిచింది.

"ఇది మొత్తం మంద తాతా. ఇందులో సగం కొండెక్కింది. సగం దగ్గర పట్టుకోండి."

ఆయన దారాన్ని రెండుగా మడిచి మధ్య చూపించాడు. ఆ పిల్ల అక్కడ సుద్దతో గుర్తు పెట్టింది.

"ఇప్పుడు మొత్తంలో మూడోవంతు కిందికి దిగింది. ఈ చివర్నుంచి."

ఆయన మూడు మడతలు వేశాడు. వేళ్ళు ఇప్పుడు అంత వణకడం లేదు. ఇంకో గుర్తు పడింది. రెండు గుర్తుల మధ్యా చిన్న ముక్క మిగిలింది. కుందుజ్ జేబులోంచి చాకు తీసింది. బడిలో చాకేమిటని ఇంకో రోజైతే హెడ్మాస్టర్ ఊరు ఏకం చేసేవాడు. ఆ ముక్కని కోసి ముసలాయన అరచేతిలో పెట్టింది.

"ఇది దొడ్లో ఉన్న మంద. పన్నెండు."

"పన్నెండు," అన్నాడాయన.

"ఇలాంటి ముక్కలు కొండ మీద ఎన్ని ఉన్నాయో నాకు తెలీదు. చూస్తారా?"

ఆయన ముందుకి వంగి, ముక్కని దారం పక్కన పెట్టి కొలిచాడు. "ఎగువన మూడు. దిగువన రెండు. ఇదొకటి." వేళ్ళు ముడిచాడు. "ఆరు. ఆరు ముక్కలమ్మా!"

"ఆరు పన్నెండ్లు ఎంత తాతా? నాకు రాదు."

"డెబ్బై రెండు!"

ఆ గొంతు వినగానే సోనున్ ఉలిక్కిపడింది. అది పాత జాకిప్ అగాయ్ గొంతు. ఎక్కాలు ఆయన్ని వదిలిపోలేదు. మిగతావి ఒక్కొక్కటే పోతున్నా అవి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. గది గదంతా హోరెత్తిపోయింది. పెద్దాయన వంతు ముగిసింది, ఇక ఎవరి లెక్క వాళ్ళు మొదలుపెట్టచ్చు! ఎర్మెక్ తన తొడ ఎముక దారం అప్పుడే విప్పి, నేల మీద పరిచి మడతలు వేస్తున్నాడు.

సోనున్ గోడకి ఆనుకుంది. ఇన్ని నెలలూ తను ఎంతో కొత్తగా చెప్తున్నానని మురిసిపోయింది. స్కేలు లేదు, తిట్టు లేదు, విందు ఉంది. అయినా ఆ పిల్లకి ఎముకని ఎముకలాగే చేతిలో పెట్టి, తినమంది. తినలేకపోతే వదిలేసింది. ఒక్కరోజు పక్కన కూర్చుని, గట్టిగా ఉందా అని అడగలేదు. కళ్ళు చెమర్చాయి. చున్నీ అంచుతో తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. హెడ్మాస్టర్ చూశాడు, కానీ ఆయన కూడా ముక్కు ఎగబీలుస్తున్నాడు.

లెక్కలన్నీ తేలాక పిల్లలు విందు చివరి ప్రార్థనలాగే అరచేతులు మొహానికి తాకించి "ఒమిన్" అన్నారు. మాంసం తరిగినవాళ్ళకి పెద్దలు తమ చేత్తో తినిపించడం విందుల్లో ఆనవాయితీ. జాకిప్ అగాయ్ బహుమానాల గిన్నెలోంచి ఒక కురుత్ తీసి కుందుజ్ నోట్లో పెట్టాడు. ఆ పిల్ల బుగ్గ ఉబ్బింది.

హెడ్మాస్టర్ గొంతు సవరించుకున్నాడు. "మరి, అగాయ్... ఈ పద్ధతి సంగతి? జిల్లాలో ఏమని చెప్తారు?" అన్నాడు. చెయ్యి జేబులోని తాళాల మీద ఉంది.

"ఏం చెప్తాను? మళ్ళీ విందు ఎప్పుడో చెప్పండి, వస్తాను. నా పళ్ళు పోయాయయ్యా ఒరోజాలీ. ఈ పిల్లని నా పక్కన కూర్చోబెట్టండి." తర్వాత చుట్టూ చూసి, "వీళ్ళ టీచరెవరు?" అన్నాడు.

సోనున్ ముందుకొచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు. మూడోసారి పేరడుగుతాడనుకుంది ఆమె. అడిగినా ఫరవాలేదు, వందసార్లు చెప్తాను అనుకుంది.

"నువ్వు రెండో బల్ల," అన్నాడు. "కిటికీ పక్కన కూర్చునేదానివి. ఈ మంద లెక్కే. సోనున్."

ఆమె తల ఊపింది.

"చేయి చాపు."

ఆమె బుద్ధికి తెలుసు తను ఇప్పుడు టీచరని, తన తరగతిలో నిలబడి ఉన్నానని. చేతికి తెలియదు. అది తనంతట తానే ముందుకొచ్చింది, అరచెయ్యి పైకి తిరిగింది, వేళ్ళు బిగుసుకున్నాయి, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి.

అరచేతిలో ఏదో చిన్నది, తేలికగా పడింది. ముసలి వేళ్ళు వచ్చి ఆమె వేళ్ళని ఒక్కొక్కటిగా దాని మీదికి ముడిచాయి. ఆ తర్వాత కూడా ఆయన ఆ చేతిని వదల్లేదు.

"కళ్ళు తెరవండి ఎజెకె," అన్నాడు ఎర్మెక్, "కురుతే."